మాట అందించేవాడు

నాటకం సవ్యంగా సాగితే నాకు పనే ఉండదు. పక్కతెర చాటున, జనానికి కనపడని మూలలో, చిన్న స్టూలు మీద, ఒళ్లో నాటకం ప్రతి పెట్టుకుని, గుడ్డ కప్పిన దీపం కింద నోరు మూసుకుని కూర్చోవడానికి నాకు జీతమిస్తారు. వేదిక మీద ఎవరికైనా మాట తట్టకపోతే ఆ మాటను హాలుకు వినపడకుండా, వాళ్లకు మాత్రమే వినపడేలా అందించాలి, అంతే నా బతుకుతెరువు. కంపెనీలో అందరూ నన్ను గుసగుస అంటారు, గుసగుసగారూ టీ తాగుతారా, గుసగుసగారూ కాస్త కాలు తియ్యండి, నా అసలు పేరు జీతమిచ్చే ఆవిడకైనా గుర్తుందో లేదో. ఇలా నోరు కట్టేసుకోవడమే ఉద్యోగమైనవాణ్ణి, ఈ మధ్యాహ్నం నా ఇంట్లో, నా భోజనాల బల్ల దగ్గర, ఒక్క నిమిషం ఆగలేకపోయాను. తెర లేచింది, దీపాలు వెలిగాయి, ఇల్లుగలావిడ వేషంలో మా పెద్ద నటి, మేమంతా అమ్మగారనే ఆవిడ, కుర్చీలు సర్దుతూ మొదటి మాట అనేసింది, నా వేలు ఆ మాట కిందే ఉంది, నేను మాత్రం ఇంకా ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను.

ఒక్క నిమిషం అంటున్నాను గానీ ఎంతసేపు పట్టేదో నాకేం తెలుసు, ఎప్పుడైనా ఆగి చూశానా. మా అమ్మాయికి నత్తి. అమ్మలు అంటాను నేను, పెళ్లి కాబోయే పిల్లను ఇంకా అమ్మలేమిటని వాళ్లమ్మ విసుక్కుంటుంది. మాట మొదట్లోనే అడ్డుపడుతుంది దానికి, మొదటి అక్షరం దగ్గర నిలబడిపోతుంది, అది దాటితే తరవాతదంతా బాగానే వస్తుంది, వస్తుందనే అనుకుంటాను, తరవాతది నేను ఎన్నిసార్లు విన్నానని. ఇవాళ తను చేసుకోబోయే అబ్బాయిని వెంటబెట్టుకుని భోజనానికి వచ్చింది. వచ్చే వారమే పెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసులో. అబ్బాయి కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్ష చేస్తాడు. అమ్మలు అద్దాలకని వెళ్లినప్పుడే పరిచయమట, బోర్డు మీద అక్షరాలు చదవమన్నాడట, ఇది మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయిందట, కనపడటం లేదా అని అడక్కుండా, అద్దం మార్చకుండా, అతను అలా కూర్చుని ఎదురుచూశాడట, చివరికి వరసంతా చదివిందట. ఈ సంగతి మా ఆవిడ చెప్తే నేను నవ్వి, పాపం ఆ రోజు దుకాణంలో బేరాల్లేవేమో అన్నాను. అప్పుడూ వేళాకోళమే. ఏదైనా నాకు గుచ్చుకుంటే వెంటనే నోట్లోంచి ఒక వేళాకోళం ఊడిపడుతుంది, అది నా జబ్బు, నత్తికైనా మందు దొరుకుతుందేమో గానీ దీనికి దొరకదు.

ఎవరది తలుపు దగ్గర, అంటోంది అమ్మగారు. అద్దెకున్న కుర్రవాడు లోపలికొచ్చాడు, టోపీ తీశాడు, వర్షం గురించి రెండు మాటలన్నాడు, వేలు జరిపాను. నా మూలలోంచి హాల్లో ఎడమవైపు ముందు వరసల అంచు మాత్రం కనపడుతుంది, అక్కడొక పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నాడు, ఆయన పక్కనావిడ చేతిసంచీలో ఏదో వెతుక్కుంటోంది. అమ్మలుకీ ఆ అబ్బాయికీ నేను తెచ్చిన టిక్కెట్లు మధ్య వరసవి. బల్ల మీద మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి వచ్చాను, ఆట చూసి సాయంత్రం బస్సుకు వెళ్లండి అని కూడా అనలేదు, పెట్టి వచ్చేశానంతే. వచ్చారో లేదో తెలియదు. ఇక్కణ్ణించి మెడ ఎంత సాచినా మధ్య వరస కనపడదు, పదే పదే సాస్తున్నాను, రంగాలంకరణ చూసుకునే మనిషి అటు నుంచి ఏమిటన్నట్టు చెయ్యి తిప్పాడు.

భోజనం దగ్గర మొదట వంకాయ గొడవ వచ్చింది. గొడవ కాదు, చాలా చిన్న సంగతి. మా ఆవిడ అమ్మలు పళ్లెంలో వంకాయ కూర వడ్డిస్తుంటే అబ్బాయి, "తనకి వంకాయ పడదు కదా అత్తయ్యా," అన్నాడు. నేను పకపకా నవ్వాను. "ఇదేం మాట బాబూ, చిన్నప్పట్నుంచీ దానికి వంకాయంటే ప్రాణం, నన్నడుగు చెప్తాను." అమ్మలు తల వంచుకుని నవ్వింది, ఏమీ అనలేదు, పళ్లెంలో వంకాయ ముక్కలన్నీ ఒక పక్కకు చేర్చి ఉన్నాయి. అవి చూస్తుంటే నాకు ఎప్పటిదో ఒక సాయంత్రం గుర్తొచ్చింది, అప్పుడది బల్ల అంచు అందని పిల్ల, ఏం వండమంటావే అని వాళ్లమ్మ అడిగితే ఏదో అనబోయింది, పెదవి బిగుసుకుపోయింది, నేను పక్కనుంచి వంకాయ అన్నాను, అది తలూపింది. అంతే. ఆ తలూపుడు పట్టుకుని ఇన్నేళ్లుగా సంత నుంచి ఏరి ఏరి లేత వంకాయలు మోసుకొచ్చాను, నా కూతురి ఇష్టం నాకు కాక ఎవరికి తెలుసన్న ధీమాతో. అసలు అది ఏం అడగబోయిందో ఇక ఎవరికీ తెలియదు, దానికే గుర్తుండదు. తలూపడం సులువు. నేనిచ్చిన మాట కాదనాలంటే మళ్లీ ఒక మాట మొదలుపెట్టాలి, ఆ మొదలుపెట్టడమే కదా దానికి కష్టం. అందుకని ఏదిచ్చినా తీసుకుంది. నాకు ఒళ్లంతా వేడెక్కింది, కూర బాగుందని రెండుసార్లు గట్టిగా అన్నాను.

వేలెక్కడుంది. ఇక్కడ. కుర్రవాడు తన ఊరి గురించి చెప్తున్నాడు, ఇది పొడుగాటి భాగం, అతను ఎప్పుడూ మర్చిపోడు, కంఠతా పట్టి గడగడా అప్పజెప్తాడు. వినేవాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధైనా ఇవ్వడు. అమ్మగారు ఒకసారి అతన్ని పిలిచి, "నువ్వు చెప్పింది జనం లోపలికి దిగాలి కదరా నాయనా, కాస్త ఆగు," అంటే సిగ్గుపడిపోయాడు. ఆవిడ ఆగడంలో ఆరితేరిన మనిషి. నేను ఈ పనికి కొత్తగా వచ్చినప్పుడు ఏదో నాటకంలో ఆవిడ కోర్టు బోనులో నిలబడి ఉంది, నీ కొడుకేనా అని అడిగారు, ఆవిడ జవాబు చెప్పకుండా నిలబడిపోయింది, నేను కంగారుపడి మాట అందించాను, ఒకసారి కాదు, వినపడలేదేమోనని రెండోసారి కూడా. తెర పడ్డాక నా దగ్గరికొచ్చి కోప్పడలేదు, నా పక్కన పెట్టె మీద కూర్చుంది. "మర్చిపోయినవాళ్ల ఊపిరి ఇక్కడ నిలబడుతుంది," అని గొంతు మీద వేలు పెట్టింది. "కావాలని ఆగినవాళ్ల ఊపిరి కిందికి దిగుతుంది. మొహం చూడకు, ఊపిరి చూడు. తెలియకపోతే ఇంకాస్త ఆగు." అప్పట్నుంచి నేను ఊపిరే చూశాను. వచ్చిన నటుల్నీ పోయిన నటుల్నీ అందర్నీ ఊపిరితోనే గుర్తుపడతాను. గుసగుస ఉంటే భయం లేదు, ఎక్కడ ఇవ్వాలో ఎక్కడ ఇవ్వకూడదో ఆయనకి తెలుసు అంటారు, విని ఎంత పొంగిపోయానో. ఇంటికెళ్లి చెప్పుకునేవాణ్ణి కూడా. వింటూ కూర్చునేది అమ్మలు. కన్నకూతురి ఊపిరి ఎక్కడ నిలబడుతుందో మాత్రం నేనెన్నడూ చూడలేదు.

బల్ల దగ్గర అది పళ్లెం పక్కకు జరిపింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టింది, అబ్బాయి వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగింది. ఏదో ముందే అనుకుని వచ్చిందని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. "నాన్నా," అంది, ఆ మాట దానికెప్పుడూ అడ్డుపడదు. "ఆ... ఆ..." నేను వెంటనే, ఆహ్వానాలా, అచ్చయిపోయాయి తల్లీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఆ..." ఆ రోజుకి సెలవా, ఎప్పుడో పెట్టేశాను. మళ్లీ అడ్డంగా. దాని మెడ దగ్గర నరం బిగుసుకుంది, నేను ఇంకో మాట వెతుకుతున్నాను, ఆభరణాలా, మీ అమ్మవి ఉన్నాయిగా, పొడుపుకథ విప్పేవాడిలా హుషారుగా ముందుకు వంగి మరీ. అప్పుడు ఆ అబ్బాయి, "తను చెప్తోందండీ. మనం విందాం," అన్నాడు. గొంతు పెంచలేదు, నా వైపు చూడను కూడా లేదు, దాని వైపే చూస్తున్నాడు. దుకాణంలో తొందరపడేవాళ్లతో నెమ్మదిగా చూడండి అంటాడు కాబోలు, అలాంటి గొంతు. మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. నాకు తల తీసేసినట్టయింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు నా కూతురి మాట నాకు నేర్పుతాడా. అప్పుడు నా జబ్బు బయటికొచ్చింది. "విందాం బాబూ, నాకేం అభ్యంతరం, కాకపోతే ఇది చెప్పేలోపు అక్కడ నా నాటకం అయిపోయి జనం ఇళ్లకెళ్లిపోతారు," అన్నాను. అని నవ్వాను. ఒక్కణ్ణే నవ్వాను. అమ్మలు చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఏం లేదు నాన్నా," అంది. ఆ మాట ఎక్కడా తడబడలేదు. ఏం లేదు అనడం దానికి ఎంత అలవాటైపోయిందో చూడండి, ఒక్క అక్షరం కూడా అడ్డుపడలేదు.

నిజంగానే టైమైపోయినట్టు గోడ గడియారం చూసి, సంచీ భుజానికి తగిలించుకుని వచ్చేశాను. ఇంకా బోలెడు టైముంది. ఎంత ముందొచ్చానంటే ఇక్కడి కాపలాదారు భోజనం మధ్యలో లేచి తాళాలు వెతుక్కోవలసి వచ్చింది. చీకటి వేదిక మీద ఒక్కణ్ణీ కూర్చున్నాను, ఖాళీ కుర్చీల ఎదురుగా. అంత ఖాళీ ఉంది, అంత సమయం ఉంది, ఎవరూ ఏమీ అనడం లేదు. ఇందులో ఒక పిసరు మా ఇంట్లో బల్ల దగ్గర ఇచ్చి ఉంటే సరిపోయేది.

దానికి సాయం చేశాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. అబద్ధం. నాకు నేనే చెప్పుకుంటున్నా ఈ మాట చెప్పడానికి మొహం చెల్లడం లేదు. దాని చిన్నప్పుడు రొట్టెల దుకాణంలో వరసలో నిలబడ్డాం, ఏం కావాలి పాపా అని అడిగాడు దుకాణమతను, ఇది కళ్లు పైకెత్తి నోరు తెరిచి అలా నిలబడిపోయింది, వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు, ఇంకొకావిడ అయ్యో అంది. ఆ అయ్యో వినగానే నా చెవులు కాలిపోయాయి. దానికి కాదు, నాకు. దాని మొహంలో ఏ బాధా లేదు, అది దాని మాట కోసం నింపాదిగా చూసుకుంటోంది, వస్తుందని దానికి తెలుసు. నేనే గభాలున రెండు రొట్టెలివ్వండి అనేశాను, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఆ తరవాత బళ్లో హాజరు పలకక్కర్లేదు, చెయ్యెత్తితే చాలని టీచరుతో ఒప్పందం చేసుకొచ్చి, ఘనకార్యం చేసినట్టు చెప్పాను. ఆ రోజు అది అన్నం తినకుండా పడుకుంది, జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూశాను. ఫోన్ మోగితే నేనే ఎత్తాను. చుట్టాలు చదువెలా ఉందే అని దాన్నడిగితే నేనే జవాబు చెప్పాను, ఇంటికొచ్చినవాళ్లు కొన్నాళ్లకి దాన్ని అడగడమే మానేశారు, మీ అమ్మాయి చక్కెర వేసుకుంటుందా అని దాని ఎదురుగానే నన్నడిగేవారు. ఉద్యోగం కూడా నేనే చూశాను, గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలు కుట్టే పని, నోరు విప్పక్కర్లేదు, హాయి. వేరే ఏదో చేస్తానని అనబోయినట్టు గుర్తు. ఏమిటది. గుర్తు లేదు. గుర్తుండటానికి నేను విన్నదెప్పుడు, మధ్యలో నేనేదో అన్నాను, అది తలూపింది.

మా ఆవిడ నయం, తక్కువ మాట్లాడే మనిషి, దాని దగ్గర కూరగాయలు తరుగుతూ కూర్చుంటుంది, ఆ గదిలోంచి ఎంతకీ చప్పుడు రాదు, తరవాత ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వుతారు. నేను పరిగెత్తుకెళ్లి ఏమిటి ఏమిటి అంటాను. ఇద్దరూ ఊరుకుంటారు. ఇన్నాళ్లూ నన్ను వదిలేసి నవ్వుకుంటున్నారని ఉక్రోషపడ్డాను గానీ ఆ చప్పుడు లేనంతసేపూ అక్కడ ఒక మాట మెల్లగా తయారవుతోందని నాకు తట్టలేదు. తలుపు తీసుకుని నేను వెళ్లకపోతే ఇంకా ఎన్ని మాటలు తయారయ్యేవో.

వేదిక మీద చప్పుడు లేదు. ఎప్పట్నుంచి లేదు. వేలి కింద చూశాను, నా వేలు ఒక పేజీ వెనకుంది. తడుముకుంటూ పేజీ తిప్పాను. అమ్మగారు కిటికీ దగ్గర నిలబడి ఉంది, కుర్రవాడు ఆవిడ వైపు చూస్తున్నాడు. ఆ కిటికీ వెయ్యి, చలి, అనాలి ఆవిడ. అంతే, చంటిపిల్ల కూడా చెప్పగల మాట, ఇన్ని ఆటల్లో ఇక్కడ ఎన్నడూ ఆగలేదు. కావాలని ఆగిందా. ఇవాళ కొత్తగా ఏదైనా చేస్తోందేమో, నేను దూరి పాడు చేస్తానేమో, మధ్యాహ్నం చేసింది చాలదా, నోరు మూసుకో, ఒక్కసారైనా నోరు మూసుకో అని నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆవిడ గొంతు దగ్గర చీర అంచు కదలడం లేదు. ఊపిరి పైనే నిలబడి ఉంది. నాకు కనపడుతూనే ఉంది, ఊపిరి చూడు అని ఆవిడే చెప్పింది, అయినా నా నోరు పెగలడం లేదు. ఆవిడ తల తిప్పకుండా కళ్లు మాత్రం నా మూలకు తిప్పింది. ఆ కళ్లలో భయం ఉంది. అప్పుడు ఇచ్చాను. ఆ కిటికీ. ఆవిడ అందుకుంది, కిటికీ వెయ్యి, చలి, అంది, గొంతులో వణుకు నిజంగానే చలికి వణికినట్టు పలికింది, హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. నా వీపంతా చెమట. మాట్లాడకూడని చోట మాట్లాడాను, ఇవ్వవలసిన చోట ఊరుకున్నాను, రెండూ ఒక్కరోజులోనే చేశాను.

విరామానికి తెర పడింది. అమ్మగారు తిన్నగా నా దగ్గరికొచ్చింది, సిగలోంచి సగం ఊడిన పువ్వు తీసి చేతిలో పట్టుకుని. "ఎక్కడున్నావయ్యా ఇవాళ?" అంది. ఇక్కడే ఉన్నానండీ అన్నాను, పరధ్యానంలో ఉండి అని కూడా అన్నాను. "నోరు మూసుకుంటే సరిపోతుందా, వినాలి కదా. నేనక్కడ చచ్చి బతికాను." కోపం కంటే దిగులెక్కువగా ఉంది ఆవిడ మొహంలో, మొదటిసారి మర్చిపోవడం ఆ వయసులో ఎంత భయమో. క్షమించమన్నాను. పోనీలే అని భుజం తట్టి వెళ్లిపోయింది. ఆవిడ అలా అనడం తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. స్టూలు మీద నుంచి లేవలేకపోయాను, అందరూ టీ కోసం అటు వెళ్లారు, రంగస్థలం వెనక సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి, రెండో అంకానికి గోడ మారుస్తున్నారు.

పక్కతలుపు తోసుకుని అమ్మలు వచ్చింది. ఒక్కతే. చీకట్లో తాళ్లకీ పెట్టెలకీ తగలకుండా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, నా దీపం వెలుతురు ఉన్నంతవరకూ వచ్చి నిలబడింది. వచ్చారన్నమాట, ఆట చూశారన్నమాట. అతనేడీ, టీ తాగారా, సీట్లు బాగున్నాయా, బస్సుకి ఇంకా టైముందా, నాలుక చివర అన్నీ తోసుకుంటూ నిలబడ్డాయి, ఒక్కటీ వదల్లేదు. వదలకుండా ఉండటానికి స్టూలు అంచు పట్టుకున్నాను.

"నాన్నా," అంది. "ఆ..."

ఆగింది. నేనూ ఆగాను. దాని మొహం పైకి లేచింది, కనుబొమలు దగ్గరికొచ్చాయి, పెదవుల మధ్య ఆ అక్షరం కదలకుండా నిలబడి ఉంది. నాకు వెంటనే కళ్లు దించుకోవాలనిపించింది, రొట్టెల దుకాణంలో లాగా చెవులు కాలాయి, ఎవరైనా ఇటు వస్తారేమో, చూస్తారేమో. దించుకోలేదు. చూస్తూ ఉన్నాను. అప్పుడు నాకు తెలిసింది, ఈ మొహం నేను ఇదివరకు చూడలేదు. మాట కోసం చూసుకుంటున్న మొహం. ప్రతిసారీ ఇది మొదలవగానే నేను ముగించేశాను. ఇందులో బాధ లేదు. ఏదో బరువు ఎత్తబోయే మనిషికుండే శ్రద్ధ ఉంది, మొండితనం ఉంది, అచ్చం మా ఆవిడ మొండితనం. వెనక సుత్తి ఆగింది, మళ్లీ మొదలైంది. దాని గొంతు దగ్గర నిలబడిన ఊపిరి కాస్త కాస్తగా కిందికి దిగడం చూశాను.

"ఆఫీసులో," అంది. "రిజిస్ట్రారు ఆఫీసులో ప్రమాణం పైకి చదవాలి కదా. నేనే చదువుతాను. మొత్తం. రోజూ అ... అతని ముందు చదువుతున్నాను, వస్తోంది." మళ్లీ ఆగింది. అయిపోయిందనుకుని, మంచిది తల్లీ, చదువు, అనబోయాను. ఇంకా ఉందేమో. ఉంది. దాని చూపు నా మొహం మీద నుంచి పక్కకు జరిగింది, ఇప్పుడు చెప్పబోయేది దానికి కష్టం, నత్తి వల్ల కాదు. "నువ్వు నా పక్కన నిలబడొద్దు నాన్నా. ఎ... ఎదురుగా కూడా వద్దు. ఆఖరి వరసలో కూర్చో. నాకు కనపడకుండా."

వాళ్లమ్మ దాని పక్కన నిలబడుతుంది, అతని వాళ్లు నిలబడతారు, ఆఖరి వరసలో నేను, కూతురి పెళ్లికి కాపలా మనిషిలా. ఎందుకమ్మా అని అడగాలి. అడిగితే మధ్యలో దూరినట్టే. అడగలేదు. అది చెయ్యి చాపి నా చొక్కా అంచు పట్టుకుంది, చిన్నప్పుడు వరసల్లో నిలబడ్డప్పుడు పట్టుకున్నట్టు.

"నీ పెదాలు కదులుతాయి," అంది. "నేను మాట మొ... మొదలుపెట్టగానే. నీకు తెలీదు. చిన్నప్పట్నుంచీ. నేను అనకముందే నీ పెదాల మీద ఆ మాట కనపడుతుంది, అది చూస్తే నాది ఆగిపోతుంది. నీ... నీ మీద కోపంతో కాదు నాన్నా. నువ్వు రావాలి. నా మాట వినాలి. నేను నిన్ను చూడకూడదు, అంతే." ఇంత పొడుగు మాట నా కూతురు నాతో అనడం ఇదే మొదలు. ఒక్కటీ నేను ఇవ్వలేదు. ఇవ్వగలిగేవాణ్ణి కాదు కూడా, ఇందులో ఒక్క మాటైనా నా ఊహకు అందేది కాదు.

"సరే తల్లీ," అన్నాను. "ఆఖరి వరసలోనే కూర్చుంటాను." ఇంకా చెప్పవలసినవి చాలా ఉన్నాయి, వంకాయల గురించి, హాజరు గురించి, మధ్యాహ్నం వేళాకోళం గురించి. చెప్పడం మొదలుపెడితే అది అయ్యో వద్దు నాన్నా అని నన్ను ఓదార్చవలసి వస్తుంది, మళ్లీ దాని వంతు నేనే లాక్కున్నట్టవుతుంది. అమ్మలు చొక్కా అంచు వదిలి, నవ్వీ నవ్వనట్టు నవ్వి, తాళ్ల మధ్య నుంచి జాగ్రత్తగా వెనక్కి వెళ్లిపోయింది. తలుపు తీసినప్పుడు హాల్లో జనం మాటల చప్పుడు లోపలికొచ్చింది, మూసుకోగానే ఆగిపోయింది.

గంట మోగింది. అందరూ ఎవరి చోటికి వాళ్లు చేరారు. దీపం మీద గుడ్డ సర్దుకున్నాను, పేజీ తీసి పెట్టుకున్నాను, తెర లేచింది. కొత్త గోడ ముందు అమ్మగారు నిలబడి కుర్రవాడితో ఏదో చెప్తోంది, తడబాటు లేకుండా, చక్కగా చెప్తోంది, నా అవసరం ఏమీ లేదు. నేను ఏమీ అనడం లేదు. నోరు మూసుకునే ఉన్నానని ఎవరైనా ఒట్టు వెయ్యమంటే వేసేవాణ్ణి. ఎడమచెయ్యి ఎత్తి నోటి మీద పెట్టుకుని చూశాను. కదులుతున్నాయి.